నల్ల రంగు రాలేదు

రాత్రి తొమ్మిది దాటింది. మే నెల కావడంతో ఫ్యాను కింద కూడా వేడిగాలే. ఎల్లుండి అమ్మాయికి ఎప్‌సెట్. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కొట్టారు. సెలవులంతా ఊరికే కూర్చున్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ గరగరలాడి, కాగితం లాక్కుని, బయటికి తోసింది. చేతిలోకి తీసుకుని చూస్తారు. ఫొటోలో అమ్మాయి ముఖం వెలిసిన గులాబీ రంగులో ఉంది. పేరు లేదు. నంబరు లేదు. పరీక్ష కేంద్రం అడ్రసు లేదు. నల్లగా ఉండాల్సిన చోటల్లా ఖాళీ.

ముందు ఆ ఫైలును ఫోన్లోకి పంపుకోండి. పొద్దున్నే నెట్ సెంటర్లో తీయించుకోవచ్చు. ఇక ప్రింటర్ మీద పడి తొందరపడే పని లేదు. పాత ప్రింటర్లను వయసు కన్నా మన తొందరే ఎక్కువగా చంపుతుందని నా నమ్మకం.

ట్యాంకుల మీద టార్చి వేయండి. నలుపు సగానికి పైనే ఉంది. నాజిల్ చెక్ పేజీ తీయండి. పసుపు, గులాబీ, నీలం గీతలు మెట్లు మెట్లుగా తెగకుండా వచ్చాయి. నలుపు వరసలో మూడు ముక్కలు, అంతే. ఇంకు ఉంది, దారి మూసుకుంది.

హెడ్ క్లీనింగ్ నొక్కుతారు. లోపల పంపు ఇంకును పీల్చుతున్న చప్పుడు. మళ్లీ చెక్ పేజీ తీస్తే ముక్కలు ఐదయ్యాయి. ఇంకోసారి నొక్కినా ఐదే. వేలు మళ్లీ బటన్ మీదికి పోతుంది. మూడుసార్లకు మించి నొక్కకండి. పీల్చిన ఇంకంతా ఎటు పోతోంది? ప్రింటర్ అడుగున దాన్ని తాగే మెత్తలు ఉంటాయి. ఎంత తాగాయో మిషన్ లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. ఆ లెక్క నిండిన రోజు లైట్లు వెలిగి ఆరుతూ, ఇంక పని చేయనంటుంది. వరసగా క్లీనింగ్ చేసిన కొద్దీ ఆ రోజును మీరే దగ్గరికి తెచ్చుకుంటున్నారు.

లోపల చూడాల్సిందే.

బల్ల మీద పాత పేపరు పరచండి. ఇయర్ బడ్స్, నూగు రాలని పేపర్ టవల్ పక్కన పెట్టుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకోండి. యాసిడ్ సీసా కాదు, లేబుల్ చదవండి. బోరు నీళ్లు అసలే వద్దు. అవి ఆరితే బకెట్ అంచున తెల్లటి పొర కడతాయి కదా, అదే ఇక్కడా కడుతుంది. హెడ్ కింద ఉన్న రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం.

మూత ఎత్తండి. ఒక వేలు గోడ స్విచ్ మీద ఉంచి ప్రింటర్ ఆన్ చేయండి. కుడి మూల నుంచి హెడ్ కదిలింది. మధ్యకు వచ్చింది. ఇప్పుడు! స్విచ్ కట్టేయండి. ప్లగ్గు పీకేయండి. మామూలుగా బటన్‌తో ఆపితే హెడ్ మూలకు పోయి బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా లాగితే లోపలి ప్లాస్టిక్ విరుగుతుంది. ఇప్పుడు వేలితో తోస్తే మెల్లగా ఎడమకు జరుగుతుంది.

చెయ్యి లోపల పెట్టారు. ఆగండి. హెడ్ వెనకాల, ఆ చివర నుంచి ఈ చివరకు పారదర్శకమైన సన్నటి పట్టీ ఉంది, చూశారా? దాని మీది సన్నని గీతలు చదువుకునే హెడ్ తానెక్కడుందో తెలుసుకుంటుంది. మీ వేలికి ఇంకుంది. పట్టీకి అంటితే హెడ్ దారి తప్పి పక్కగోడకు గుద్దుకుంటుంది. చెయ్యి తుడుచుకోండి.

హెడ్ ఖాళీ చేసిన కుడి మూలలోకి టార్చి వేయండి. రబ్బరు అంచుతో చిన్న గిన్నెలాంటిది, అందులో స్పాంజి. పని లేనప్పుడు హెడ్ దాని మీదే కూర్చుంటుంది. అంచు చుట్టూ నల్లటి జిగురు గడ్డ కట్టి ఉంది. తడి ఇయర్ బడ్‌తో తుడుస్తుంటే బడ్ వెంట బడ్ నల్లబడుతుంది. విసుగొచ్చినా అంచంతా శుభ్రమయ్యే దాకా ఆపకండి. ఈ అంచు హెడ్‌కు గట్టిగా అతుక్కోకపోతే పంపు పీల్చేది గాలినే. పక్కనే నిలబడి ఉన్న రబ్బరు రెక్కనూ తుడవండి. హెడ్ అడుగును ఊడ్చేది అదే.

ఇప్పుడు పేపర్ టవల్‌ను సన్నటి పట్టీలా మడిచి, తడిపి, హెడ్ నడిచే దారిలో పరవండి. హెడ్‌ను దాని మీదికి తెచ్చి పదినిమిషాలు వదిలేయండి. తీస్తే మూడు రంగుల మరకలు పచ్చిగా, నలుపు చోట బూడిదరంగు నీడ. కొత్త పట్టీ పెట్టండి. ఈసారి నీడ ముదిరింది. ఎండిన ఇంకు కరుగుతోంది.

మీ ఫోన్లో ఒక వీడియో ఉంది. అందులో సిరంజీ, ట్యూబు పెట్టి హెడ్‌లోకి నీళ్లు ఎక్కిస్తున్నారు. మందుల షాపులో సిరంజీ దొరుకుతుంది. చెయ్యి లాగుతుంది. హెడ్ అంటే పలచటి పొరలు అతికించి చేసినది. గట్టిగా నొక్కితే పొరలు విడిపోతాయి. చాలా కార్ట్రిడ్జ్ ప్రింటర్లలో హెడ్ కార్ట్రిడ్జ్ అడుగునే ఉంటుంది, పాడైతే కొత్తది పడుతుంది. మీది అలాంటిది కాదు, హెడ్ మిషన్‌కే బిగించి ఉంది. సిరంజీ వద్దు.

గిన్నెలోని స్పాంజి మీద ఐదారు చుక్కల నీళ్లు వేయాలి. సీసా వంచారు. ఒక చుక్క ఎక్కువ పడింది. హెడ్ మీద పడింది. తెల్లటి రిబ్బన్ కేబుల్ మీదుగా జారింది. కేబుల్ హెడ్‌లోకి దూరే చోటికి. ప్లగ్గు ముట్టుకోకండి. ఆ తడిలో కరెంటు పారితే షార్టే. హెడ్ కాలుతుంది. బోర్డూ కాలుతుంది. పొడి టవల్ అద్దండి. రుద్దకండి. మళ్లీ అద్దండి. హెడ్‌ను కుడి మూలకు మెల్లగా తోసి, తడి గిన్నె మీద కూర్చోబెట్టండి. మూత తెరిచే ఉంచండి. తెల్లారేదాకా ప్లగ్గు పెట్టకండి.

పొద్దున టార్చి వేసి చూస్తే కేబుల్ పొడిగా ఉంది. ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తారు. హెడ్ అటు ఇటు తడబడకుండా తిరిగింది. ఒకే ఒక్క క్లీనింగ్ చేసి నాజిల్ చెక్ తీస్తారు. నలుపు మెట్లు కింది దాకా వచ్చాయి, రెండు చోట్ల చిన్న ఖాళీలు. నాలుగు పేజీలు మామూలుగా ప్రింట్ తీస్తే ఆ రెండూ పూడాయి. నలుపు ఇంకా రాకపోతే ఇంకో రాత్రి ఇలాగే తడిలో వదిలేయండి. ఆ తర్వాతా కదలకపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ట్యాంకు నిండా ఇంకుండగా అసలెందుకు ఎండింది? బటన్ నొక్కి ఆపితే హెడ్ వెళ్లి రబ్బరు అంచు మీద కూర్చుని, రంధ్రాలకు గాలి తగలకుండా మూసుకుంటుంది. పని చేస్తుండగానే గోడ స్విచ్ కట్టేస్తే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఈ ఎండల్లో, నెల రోజులు, నోరు తెరుచుకుని. పని మధ్యలో కరెంటు పోయినా అంతే. కాబట్టి కరెంటు రాగానే ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో ఆపండి. వారానికొక రంగు పేజీ తీయండి. ముందు ప్రింటర్ బటన్, లైటు ఆరిన తర్వాతే గోడ స్విచ్. ఇంట్లో అందరికీ చెప్పండి.