బరువు దింపుకొను రాయి

తమిళదేశమునను కేరళమునను పాత బాటల ప్రక్క నేటికిని అచ్చటచ్చట ఒక రాతి కట్టడము కనబడును. నిలువుగా పాతిన రెండు రాళ్లు, వానిపై అడ్డముగా ఒక రాతి దూలము, అంతే. ఆ దారులలో తిరిగిన శ్రోతలు కొందరు చూచియే యుందురు. తమిళులు దీనిని సుమైతాంగి యందురు. మలయాళమున అత్తాణి యని పేరు. తలమూటతో నడచు బాటసారి పరుల సాయము లేకయే, నడుము వంచకయే, మూటను దానిపైకి జరిపి సేదదీరి, మరల తలకెత్తుకొనెడివాడు. గర్భముతో మరణించిన స్త్రీల స్మృత్యర్థము ఈ రాళ్లను నిలుపు ఆచారము కూడ తమిళదేశమున ఉండెను. దింపుకొనని భారముతో పోయినవారి పేర ఇతరుల భారము దింపుటకు ఒక రాయి!

ఈ రాయిని నిలిపినవారు శరీరశాస్త్రము చదివినవారు కారు. అయినను బరువును నేలనుండి ఎత్తునప్పుడును నేలకు దింపునప్పుడును వెన్నునకు ముప్పు మెండని వారు ఎరుగుదురు. తూనికకోల చివరనున్న చిన్న గుండు పెద్ద బరువును తూచును గదా. అట్లే వంగిన మనిషి చేతిలోని మూట, దేహమునకు ఎంత దూరమైన నడుము పూసలపై అంత యెక్కువ ఒత్తిడి కలిగించును.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తిరోగములపై వ్రాసిన గ్రంథమున మూటకూలీలకు ఒక ప్రకరణమే కేటాయించి, వారికి పేగు జారు వ్యాధి కలుగుటను పేర్కొనెను. చట్టము మాత్రము చాలకాలము తూకమునే చూచెను. మన 1948 ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షను, హాని కలిగించునంత బరువును ఎవరిచేతను మోయింపరాదనెను. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒడంబడికను, దానితో ఒక సిఫారసును ఆమోదించెను. పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించినచోట త్వరలో తగ్గింపవలెనని ఆ సిఫారసు సారము. భారతదేశము ఆ ఒడంబడికను ధ్రువపరచుటకు 2010 వచ్చెను. ఈలోగా నూరు కిలోల బస్తాలెన్నియో హమాలీల వీపులపై నడచిపోయినవి. హమాలీ యను మాట అరబ్బీనుండి వచ్చినది, మోయువాడని అర్థము.

ఆ హమాలీకి సుమైతాంగి సూత్రము తెలియును. లారీ అంచునకు వీపు చేర్చి, పైవాడు జరిపిన బస్తాను నిలుచున్నచోటనే అందుకొనును. నేలమీది బస్తాయైనచో ఇరువురు పట్టి ఎత్తిననే గాని వీపునకెక్కదు.

1991లో అమెరికాలో సవరించిన లెక్క ప్రకారము, అన్నియు అనుకూలించినప్పుడు, అనగా బరువు నడుమెత్తున దేహమునకు ఆనియున్నప్పుడు, ఎత్తదగినది 23 కిలోలు. దూరము, వంగుట, మెలితిరుగుట కలిసినకొలది అదియు తగ్గును. మన ఇంటికి వచ్చు 25 కిలోల బియ్యపు మూటయే దీనికి మించినది. పాత ఇండ్లలో దానిని వీధి అరుగుమీద దింపించుచుండిరి.