ఏ దిక్కున పడింది?

సెప్టెంబరు. శింగనమల చేలో మధ్యాహ్నం మూడు దాటింది. శెనక్కాయకు ఊడలు దిగుతున్నాయి. నువ్వు సాళ్ల మధ్య గొంతుక్కూచుని కలుపు తీస్తున్నావు. ఎర్రమన్నులోని గులకరాళ్లు తొలికకు తగిలి గరగరమంటున్నాయి. అనంతపురానికి ఏడాది మొత్తమ్మీద ఎక్కువ వాన పడే నెల ఇదే, అందుకే మబ్బు పట్టగానే భయం కంటే ముందు ఆశ పుడుతుంది. రంగరాయ చెరువు వైపు ఆకాశం నల్లబడింది. గాలి ఆగిపోయింది. మెడ మీద చెమట ఆరడం లేదు.

మెరిసింది. లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు... పన్నెండు దగ్గర ఉరుము వినబడింది. శబ్దం కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు. అంటే నాలుగు కిలోమీటర్ల అవతల. దూరం తెలిసింది, మరి దిక్కు?

కళ్లు మూసుకుని విను. ఎడమ చెవికి ముందు చేరింది. కుడి చెవికి చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా ఆలస్యం కాలేదు, అయినా ఆ తేడా నీ మెదడు పట్టేసింది. ఎడమ వైపే. కానీ ముందు నుంచా, వెనక నుంచా? ఇంత బొంగురు శబ్దానికి రెండు చెవులు చాలవు. తల కొంచెం తిప్పు. ఇప్పుడు తేలింది.

జేబులో ఫోను అదిరింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ల దామిని యాప్. నీకు 20 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నాయట. దానికెలా తెలిసింది?

పిడుగు పడ్డప్పుడు వెలుగుతోపాటు రేడియో తరంగం కూడా పుడుతుంది. నీ ట్రాన్సిస్టర్‌లో చిటపటలు అవే. 30 కిలోమీటర్లు దాటడానికి దానికి సెకనులో పదివేలవ వంతు చాలు. దూరదూరంగా ఉన్న సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని అందుకుని, జీపీఎస్ గడియారంతో టైము వేస్తాయి. ఆ తేడాల్లోంచే దిక్కు, చోటు తేలతాయి.

ఆ సెన్సర్లు సమాన దూరాల్లో ఉండవు. కరెంటు, నెట్టు, కాపలా ఉన్న మిద్దె ఎక్కడ దొరికితే అక్కడే. హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం 1965 నుంచి భూమి అదురును వినే పరికరాలను ఎల్ ఆకారంలో పద్ధతిగా పరిచింది. పిడుగుల సెన్సర్లకు ఆ భాగ్యం లేదు. నన్నడిగితే అదే మేలు. ఒకే గీత మీద ఉంటే, పిడుగు గీతకు ఈ పక్క పడిందో ఆ పక్క పడిందో చెప్పలేవు. సమాన ఎడంలో ఉంటే అవే తేడాలు మళ్లీ మళ్లీ వచ్చి ఒక దిక్కు ఇంకో దిక్కులా కనబడొచ్చు. చెల్లాచెదురుగా ఉంటే ఏ రెండు సెన్సర్ల సాక్ష్యమూ ఒకటి కాదు. అన్నిటికీ కుదిరే దిక్కు ఒక్కటే మిగులుతుంది.

చిక్కల్లా లెక్కతోనే. సమాన ఎడానికి ఉన్న దగ్గరి దారులు ఇక్కడ పనికిరావు. ప్రతి దిక్కునూ జల్లెడ పడుతూ కూర్చుంటే, 2018 ఏప్రిల్ 24 లాంటి రోజు ఏం కావాలి? ఆ రోజు 13 గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అందుకే ముందు ముతకగా వెతికి, ఆనవాలు దొరికిన చోట మాత్రమే సన్నగా వెతుకుతారు. లేదా ఉన్న రీడింగుల నుంచి, సమాన ఎడంలో సెన్సర్లుంటే ఎలాంటి రీడింగులు వచ్చేవో కట్టి, వాటి మీద ఆ దగ్గరి దారి నడిపిస్తారు.

మళ్లీ మెరిసింది. ఆరు లెక్కపెట్టేలోపే ఉరుము. రెండు కిలోమీటర్లు.

"చింతమాను కిందికి రాప్పా, తడుస్తావు!" పెద్దమ్మ కేకేస్తోంది. మాను దగ్గరే ఉంది. బోరు పక్కన నాలుగు కట్టెల మీద రేకు కప్పిన షెడ్డు ఉంది. రోడ్డు మీద కూలీలను తెచ్చిన వ్యాను, దూరంగా.

మానుకు పోవద్దు. రేకు కిందికీ వద్దు.

"పెద్దమ్మా, వ్యాన్లోకి!"

తొలిక వదిలెయ్. పరుగెత్తు. మెరుపు. ఒకటి, రెండు. ఉరుము. చినుకులు. గట్టు. రోడ్డు. తలుపు. ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగు. అద్దాలు ఎక్కించు. ఇనుము ముట్టుకోకు.

ఆఖరి ఉరుము విన్నాక ఇంకో అరగంట లోపలే ఉండండి. కలుపు ఎక్కడికీ పోదు.