హేవలాక్ వంతెన

హేవలాక్ వంతెన గోదావరిపై రాజమహేంద్రవరం, కొవ్వూరు పట్టణాల మధ్య కట్టిన తొలి రైలు వంతెన. 1900లో ప్రారంభమై 1997 వరకు సేవలందించింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు దీనికి పెట్టారు. స్థానికులందరికీ ఇది ‘పాత వంతెన’.

నేపథ్యం

1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కోస్తా పొడవునా పట్టాలు వేసింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1893 నాటికే వంతెన పడింది. గోదావరి దగ్గర మాత్రం దారి తెగిపోయేది. ఒక గట్టున రైలు దిగి, నది దాటి, అవతలి గట్టున మళ్లీ రైలెక్కవలసి వచ్చేది.

నిర్మాణం

1897 నవంబరులో పనులు మొదలయ్యాయి. కాశీలో గంగపై డఫరిన్ వంతెన కట్టిన ఎఫ్. టి. గ్రాన్‌విల్ వాల్టన్ ఇక్కడా ఇంజనీరు. ఇసుక నిండిన నదీగర్భంలో బావి పునాదులు దించారు. బావి లోపలి ఇసుకను తోడుతుంటే కట్టడం తన బరువుకే కిందికి దిగుతుంది. వాటిపై రాతి స్తంభాలు లేపి, ఉక్కు గర్డర్లు పరిచారు. మొత్తం 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1900 ఆగస్టు 30న తొలి రైలు దాటింది. మద్రాసు–హౌరా మార్గంలో గోదావరి దగ్గర తెగిన దారి అలా అతుక్కుంది.

విరమణ

దీని మీద ఉన్నది ఒకటే లైను. రద్దీ పెరగడంతో 1974లో రోడ్డు-రైలు వంతెన, ఆ తర్వాత కాంక్రీటు విల్లుల ఆర్చి వంతెన వచ్చాయి. 1997లో పాత వంతెనపై రైళ్లు ఆపేశారు.

నేటి స్థితి

వందేళ్లకు పైగా వరదలను తట్టుకున్న స్తంభాలు నేటికీ నదిలో నిలబడే ఉన్నాయి. దీన్ని పర్యాటక కేంద్రంగా మార్చాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలిగింది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో ఈ వంతెన అభివృద్ధినీ చేర్చారు. కోస్తా ఆంధ్రలో గోదావరి రెండు గట్లను ఒకే పట్టాతో కలిపిన ఈ కట్టడం తుప్పుకు బలికాకూడదు. గోదావరి ఆనకట్ట తర్వాత ఈ తీరంలో అంతగా కాపాడుకోవలసిన ఇంజనీరింగ్ వారసత్వం ఇదే.