మన జాంబవుడు ఎలుగుబంటి ఎట్లయిండు?



సీరియల్‌ను ప్రేమించడం టీవీతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ల చరిత్ర చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది.

చిందోళ్లు ఊరికొచ్చి దిగితే మాదిగవాడలో వరుసగా కొన్ని రాత్రులు ఆట నడిచేది. ఎన్ని యక్షగానాలు ఆడినా వాడకు తనదనిపించే కథ జాంబపురాణం. అందులో భూమికంటే ముందే పుట్టిన ఆది జాంబవుడు బ్రాహ్మణునితో వాదానికి దిగుతాడు. మాదిగల పుట్టుక గొప్పదని నిలబెడతాడు. పొద్దంతా ఊరిలో చెప్పులు విప్పి నడిచిన మనిషి, రాత్రి ఆ వాదం వింటూ నడుము నిటారు చేసుకుని కూర్చునేవాడు.

ఆ ప్రేమకు బాధ్యత కూడా ఉండేది. ఏ ఊళ్లు ఏ చిందు కుటుంబానివో మిరాశి ప్రకారం పంచుకునేవారు. వాళ్లకు తిండి పెట్టడం, కట్నం ఇవ్వడం వాడ పని. ఆదిలాబాద్ గూడేలలోనూ ఇలాంటి బంధమే ఉంది. గోండుల వంశాల కథలు, పెర్సాపేన్ కథలు కిక్రి వాయిస్తూ పాడేది ప్రధానులు. వాళ్లను పోషించేది ఆ కథ ఎవరిదో ఆ గోండు కుటుంబాలే.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. 1988 జులై 31 దాకా, ఆదివారం ఆదివారం, 78 భాగాలు వచ్చింది. మనమూ ఇష్టంగానే చూశాం. అయితే మన పురాణంలో బ్రాహ్మణుని నిలదీసిన జాంబవుడు ఆ తెర మీద ఎలుగుబంటి వేషంలో, హనుమంతునికి అతని బలం గుర్తుచేసే ముసలి సేవకుడిగా కనిపించాడు. దేశమంతా ఒకే కథను ప్రేమిస్తున్నప్పుడు మన కథలోని మూలపురుషుడు ఇంకొకరి కథలో పక్క పాత్ర అయిపోయాడు.

ముప్పై ఏళ్ల తర్వాత గాలి కొంచెం మళ్లింది. 2019 డిసెంబరులో అంబేడ్కర్ జీవితం మీద హిందీ సీరియల్ వచ్చింది. 2020లో అది కన్నడంలో 'మహానాయక'గా ప్రసారమైంది. ప్రసారం ఆపాలని బెదిరింపులు వస్తున్నాయని ఛానల్ ముఖ్యుడు రాఘవేంద్ర హుణసూరు బయటపెట్టాడు. అప్పుడు కర్ణాటక పల్లెల్లో దళిత యువకులు సినిమా హీరోలకు కట్టినట్టు ఆ సీరియల్‌కు ఫ్లెక్సీలు కట్టారు. సీరియల్ మీది ఇష్టం వాళ్లను వీధిలో ఒకచోట నిలబెట్టింది.

అది చూసి గర్వపడదాం. కానీ ఆ సీరియల్ ఎప్పుడు మొదలు కావాలో, ఎప్పుడు ఆగాలో ఛానల్ చేతిలో ఉంటుంది. జాంబపురాణం మన చేతిలో ఉండేది. దాన్ని మనం ఎట్లా చూసుకున్నాం? చిందోళ్ల ఆటను నెత్తిన పెట్టుకున్నాం గానీ, వాళ్లను మనకంటే కిందివాళ్లుగానే చూశాం. పిల్లనిచ్చి పుచ్చుకోలేదు. చిందు ఆడవాళ్లను జోగినులుగా మార్చిన ఊళ్ల మీద మన వాడలు గట్టిగా గొంతెత్తలేదు. కులం మెట్లను తిట్టే కథను వింటూ మనమూ ఒక మెట్టు ఎక్కి కూర్చున్నాం.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ సెలవుల్లో మీ మండలంలోని చిందు కుటుంబాల దగ్గరికి పోండి. వాళ్లు ఒప్పుకుంటే జాంబపురాణం మొత్తం రికార్డు చేయండి. పాడినవాళ్ల పేర్లు రాయండి, వాళ్లకు డబ్బు ఇవ్వండి. వాళ్ల ఇంట్లో కూర్చుని అన్నం తినండి. వాడలో మళ్లీ ఒక రాత్రి ఆట పెట్టించండి.