నల్లకోటు విప్పి కిరీటం పెట్టిన ప్లీడర్లు

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే బెంగళూరు ఆఫీసుల్లో దయ్యాలు తిరుగుతాయి. బెళుగుప్ప, కళ్యాణదుర్గం, ఉరవకొండల నుంచి వెళ్లి అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చున్న మన పిల్లలు కూడా ముఖానికి రంగు పూసుకుని, నల్లగౌను తగిలించుకుని ఫొటోలు దిగి ఊళ్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపుతారు. ‘జీతం ఇచ్చేది ఈ వేషాలకేనా?’ అని ఇక్కడ పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. డిసెంబరులో ఎర్రటోపీలు, సంక్రాంతికి పంచెలు, పట్టుచీరలు. కలిసి పనిచేసేవాళ్లు కలిసి నవ్వుకుంటేనే జట్టు కుదురుతుందని కంపెనీల నమ్మకం. అందుకోసం డబ్బిచ్చి మరీ శిక్షకులను పిలిపిస్తారు.

హాలోవీన్ పరాయి సరుకే, కాదనలేం. పగలంతా ఒకేచోట పనిచేసిన మనుషులు పొద్దుగూకాక వేషాలు కట్టి కలవడం మాత్రం ఈ కరువు సీమకు నూటముప్పై ఏళ్లు దాటిన అలవాటు. అది బళ్లారి కోర్టు నుంచి మొదలైంది.

1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. అంతకుముందు బెళుగుప్ప రైతుకు జిల్లా కచేరీ అంటే బళ్లారే. ఉరవకొండ మీదుగా ఇవాళ్టికీ అదే దారి. ధర్మవరంలో 1853లో పుట్టిన రామకృష్ణమాచార్యులు ఆ బళ్లారిలోనే ప్లీడరుగా స్థిరపడ్డారు. 1886లో సరస వినోదినీ సభ పెట్టారు. సభ్యులు వృత్తి నటులు కారు. చదువుకుని, పగలు వేరే పని చేసుకునేవాళ్లు. సొంతంగా రాసిన ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి ఆయన ముప్పై వరకు నాటకాలు రాశారు, వాటిని ఆడించారు, తానూ వేషం కట్టారు. నలుడు కురూపిగా మారిన బాహుకుడి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. ఆంధ్ర నాటక పితామహుడని లోకం ఇచ్చిన బిరుదు వెనక ఉన్నది కోర్టు వేళలు ముగిశాక చేసిన ఈ పనే.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఆధునిక తెలుగు రంగస్థలానికి తొలి అడుగుగా చెప్పుకునే కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ 1880లో రాజమండ్రిలో విద్యార్థులు ఆడినది. దానికి ఇంకో పేరు ‘ప్లీడరు నాటకం’. వకీళ్ల అక్రమాలను ఎండగట్టిన రచన. గోదావరి ఒడ్డున ప్లీడర్ల మీద నాటకం ఆడితే, ఆరేళ్లు తిరిగేసరికి హగరి ఒడ్డున ప్లీడర్లే నాటకం ఆడటానికి నడుం కట్టారు.

ఆ రోజుల్లో పెద్ద ఉద్యోగస్థుడు ముఖానికి రంగు వేసుకోవడం చిన్న సంగతి కాదు. పరువుగల ఇంట నాటకాలవాడంటే చిన్నచూపు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాలకు నాటకమే కూడు, నాటకమే గూడు. బళ్లారివాళ్లకు అలా కాదు. కేసులు వదులుకోలేరు, వేషమూ వదలలేరు. ఆడవేషాలూ మగవాళ్లే కట్టాలి. పొద్దున కక్షిదారు తరఫున గొంతు చించుకున్న మనిషి రాత్రి మీసం తీయించుకుని చీర కట్టి రాణి అవతారంలో వస్తే, ఎదుట కూర్చున్నవాళ్లలో ఆ కక్షిదారూ ఉండొచ్చు. ఇంతకు మించి సిగ్గు విడిచే కసరత్తు ఏ శిక్షకుడు నేర్పగలడు?

పోటీ కూడా ఇంటిదే. 1854లో పుట్టిన కోలాచలం శ్రీనివాసరావు కూడా బళ్లారి ప్లీడరే. ఆయన సభ సుమనోరమ. ఒకే ఊరు, ఒకే వృత్తి, రెండు సభలు. ధర్మవరం వారు పురాణాల వైపు మొగ్గితే కోలాచలం వారు చరిత్రను రంగస్థలానికి ఎక్కించారు. హంపీ శిథిలాలు అప్పట్లో అదే జిల్లాలో ఉండేవి కదా, 1565 నాటి విజయనగర పతనాన్నే నాటకంగా రాశారు. ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లిషులో పుస్తకమూ వేశారు. ధర్మవరం వారు ‘విషాద సారంగధర’ను దుఃఖాంతం చేశారు. నాటకం మంగళంగా ముగియాలని శాస్త్రం పట్టుకు వేళ్లాడేవారికి అది మింగుడుపడని సాహసం. నా మటుకు, ఈ ఇద్దరూ ఒకే సభలో సర్దుకుపోయి ఉంటే తెలుగు నాటకం ఇంత సంపాదించి ఉండేది కాదనిపిస్తుంది.

1891లో సరస వినోదినీ సభ మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. ప్రేక్షకుల్లో పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రాడు ఒకడున్నాడు. అంతవరకూ నాటకాలంటే గిట్టని పమ్మళ్ సంబంధ ముదలియార్. చదువుకున్న పెద్దమనుషులు ఇంత హుందాగా ఆడటం చూసి అతని మనసు మారింది. అదే ఏడాది జులై 1న మిత్రులతో కలిసి అతను పెట్టిన సుగుణ విలాస సభ పుట్టింది. తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టు వకీళ్లు, పెద్ద అధికారులు ఎందరో ఆ సభలో వేషాలు కట్టారు. సంబంధ ముదలియార్ కూడా వకీలై, ఆపై స్మాల్‌కాజ్ కోర్టు జడ్జి అయ్యారు. ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుడని తమిళులు ఆయనను గౌరవిస్తారు. ఆ గౌరవంలో బళ్లారి తెలుగు ప్లీడర్లకూ వాటా ఉంది. మనమే అడగడం మానేశాం.

ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టి, మద్రాసులో లా చదివి, బళ్లారిలో ప్రాక్టీసు పెట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటరు అయ్యారు. లోకానికి ఆయన బళ్లారి రాఘవ. కోలాచలం వారి విజయనగర నాటకంలో పఠాను వేషం, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, ఇంగ్లిషులో షైలాక్, ఒథెల్లో ఆయన పాత్రలు. పద్యానికి రాగం తీసి వన్స్‌మోర్‌లు కొట్టించుకునే కాలంలో, పాత్ర మనసు ముఖంలో కనబడాలని ఆయన పట్టు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’, 1939లో ‘రైతుబిడ్డ’ సినిమాల్లో నటించారు. 1946 ఏప్రిల్ 16న పోయేదాకా నాటకాన్ని విడవలేదు, దాన్ని బతుకుతెరువూ చేసుకోలేదు.

ఈ సభలను ఆకాశానికెత్తాలని నాకు లేదు. అవి చాలావరకు పైకులాల చదువరుల కూటములు. కోర్టు బిళ్ల బంట్రోతుకు అందులో రాజు వేషం దక్కే కాలం కాదు. ఆడవాళ్లకు అసలు చోటే లేదు. ఈ రెండో లోపాన్ని రాఘవ గుర్తించారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని వాదించి, చదువుకున్న ఇళ్లలోని ఆడవాళ్లను ఒప్పించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారితో కలిసి నటించారు. అందుకు తిట్లూ తిన్నారు.

బెళుగుప్ప వైపు పల్లెల్లో మొదటి లోపం కొంత సర్దుకుంది. కోర్టు, కచేరీ లేని ఊళ్లలో వేషం కట్టింది రైతులు, కూలీలు, బడి అయ్యవార్లు. వేరుశెనగ పీకేటప్పుడు పక్కపక్క సాళ్లలో ఉన్నవాళ్లే నాటకంలో కృష్ణుడు, అర్జునుడు. హార్మోనియం పెట్టెతో నాటకం మేష్టరు దిగి నెలల తరబడి ఊళ్లోనే ఉండి నేర్పిస్తాడు. అక్షరం రానివాడికి పద్యం చెవిలో పోసి నోట పలికిస్తాడు. ఖర్చు ఆడేవాళ్లదే. వేషాన్ని బట్టి చందా: కృష్ణుడికి ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. కిరీటాలు, భుజకీర్తులు, అద్దపుబిళ్లలు కుట్టిన అంగీలు అద్దెకు ట్రంకుపెట్టెల్లో వస్తాయి. నాటకం నాటి రాత్రి గుడి వెనక పరదా కట్టి, వరుసగా కూర్చోబెట్టి ముఖాలకు రంగులద్దుతారు. గమ్ముతో అంటించిన మీసం చెమటకు జారిపోతుంటే దుర్యోధనుడు ఒక చేత్తో గద, ఇంకో చేత్తో మీసం పట్టుకుని డైలాగు కొడతాడు. మధ్యలో బావమరిది ఎక్కి పదిరూపాయల నోటు పిన్నుతో అంగీకి గుచ్చుతాడు, ఆ పేరు మైకులో చదివేదాకా యుద్ధం ఆగుతుంది. వానలు రాని ఏడు కూడా ఈ చందాలు పోగయ్యేవి.

గుంతకల్లు రైల్వేది వేరే దారి. రైల్వే కాలనీల ఇన్‌స్టిట్యూట్‌లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్రిస్మస్‌కు వేషాలతో డాన్సులు ఆడేవి. ఇవాళ్టి ఆఫీసు పార్టీకి దగ్గరి చుట్టం అదే. ఆ కుటుంబాలు చెదిరిపోయాయి, డాన్సులూ పోయాయి.

బళ్లారి కథకు 1953 అక్టోబరు 1న గీత పడింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. రాయదుర్గం అనంతపురానికి దక్కింది. తెలుగు నాటకానికి ఒక పుట్టిల్లు సరిహద్దు అవతల పడిపోయింది. అక్కడ రాఘవ కళామందిరం ఉంది. ఇక్కడి ఉద్యోగుల్లో ఆ పేరు ఎరిగినవాళ్లు తక్కువ. అయినా అలవాటు పూర్తిగా చావలేదు. బ్యాంకు, కరెంటు, ఆర్టీసీ ఉద్యోగుల జట్లు నాటక పరిషత్తు పోటీలకు నాటికలు కట్టుకుని ఇటీవలి దాకా తిరిగినవే.

ఆ వేషానికీ ఈ వేషానికీ తేడా అంతా రిహార్సల్స్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన దయ్యం డ్రస్సు గంటలో విప్పేస్తాం. పక్కసీటు మనిషితో పోట్లాట మిగిలే ఉంటుంది. నాటకం అలా వదలదు. ఎదుటివాడు మాట అందిస్తేనే మన మాట నిలబడుతుంది. వాడు మరిచిపోతే మనమే అందుకోవాలి. రెండు నెలలు రోజూ సాయంత్రం ఈ పని చేసినవాళ్లకు మళ్లీ జట్టు కుదిర్చే శిక్షకుడు అక్కర్లేదు. పైగా ప్లీడర్లను వేషం కట్టమని ఏ యజమానీ ఆజ్ఞాపించలేదు. ఖర్చు వాళ్లదే, పరువు పోతే వాళ్లదే.

బెళుగుప్ప మండలాఫీసు, బడి, ఆసుపత్రి, బ్యాంకు సిబ్బందికి ఒక మాట. ఆగస్టు 2 రాఘవ పుట్టినరోజు. కేకులు, సెల్ఫీలు ఎలాగూ ఉన్నవే, వచ్చే ఏడాది ఆ రోజుకు గంటసేపటి నాటిక ఒకటి ఎత్తుకోండి. జూన్‌లోనే మొదలుపెట్టండి. తాసిల్దారుకు ద్వారపాలకుడి వేషం, అటెండరుకు రాజు వేషం ఇచ్చి చూడండి. ఆడవేషాలు మాత్రం ఆడవాళ్లకే ఇవ్వండి.