జాతీయ చదరంగ పోటీలకు తొలి వేదిక ఏలూరు

భారత జాతీయ చదరంగ పోటీలు 1955లో ఏలూరులో ఆరంభమయ్యాయి. ఏలూరు అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లోనే మద్రాసులో ఏర్పడినప్పటికీ, తొలి పోటీలను నిర్వహించిన ఘనత ఆంధ్ర రాష్ట్ర చదరంగ సంఘానికి దక్కింది. 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్ర రాష్ట్రానికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

తొలి విజేతలు

ఆ పోటీలలో రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సంయుక్తంగా ప్రథమ స్థానం పొందారు. జాతీయ విజేతల జాబితా ఈ ఇద్దరి పేర్లతోనే మొదలవుతుంది.

నాటవాళి నుంచి అంతర్జాతీయ నియమాలకు

ఆ కాలంలో దేశంలో అనేకులు నాటు పద్ధతిలో చదరంగం ఆడేవారు. అందులో బంటు తొలి ఎత్తులో రెండు గడులు దాటదు. ఏనుగుతో కలిసి రాజు కోట కట్టుకొనే ఎత్తు కూడా లేదు. బదులుగా రాజు ఆటలో ఒకసారి గుర్రపు నడక నడవవచ్చు. ప్రాంతాన్ని బట్టి ఈ నియమాలు మారేవి. విదేశీ ఆటగాళ్లతో తలపడాలంటే అంతర్జాతీయ నియమాలలో సాధన తప్పనిసరి. దేశంలోని మేటి ఆటగాళ్లు క్రమం తప్పక ఒకచోట పోటీపడే వేదిక అందుకు ఎంతో అవసరమైంది.

విస్తరణ

అనంతరం ఈ పోటీల బాధ్యతను అఖిల భారత సమాఖ్య స్వీకరించింది. 1971 వరకు రెండేళ్లకొకసారి, ఆపై ఏటా నిర్వహించాలని నిర్ణయించారు. 1959 నుంచి 1981 మధ్య మాన్యుయెల్ ఆరన్ తొమ్మిది పర్యాయాలు విజేతగా నిలిచారు. 1961లో ఆయన భారతదేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యారు. విశ్వనాథన్ ఆనంద్ 1986లో జాతీయ విజేత అయ్యారు. 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్‌గా నిలిచారు.

తెలుగు ఆటగాళ్లు

వెంకయ్యతో మొదలైన తెలుగువారి విజయాలు తర్వాతి తరాలలోనూ కనిపిస్తాయి. విజయవాడకు చెందిన ఎం.ఆర్. లలిత్ బాబు 2017లో, వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్ 2022లో జాతీయ విజేతలయ్యారు. 2024లో అర్జున్ 2800 రేటింగ్‌ను దాటారు. ఆనంద్ తర్వాత ఆ స్థాయికి చేరిన రెండవ భారతీయుడు ఆయనే.

నేటికీ జిల్లా, రాష్ట్ర స్థాయి ఎంపిక పోటీలే అనేకమంది ఆటగాళ్లకు తొలి మెట్లు. ఒక జిల్లా కేంద్రంలో రాష్ట్ర సంఘం చేపట్టిన ప్రయత్నం జాతీయ సంప్రదాయంగా స్థిరపడిందన్న విషయం, చిన్న పట్టణాలలో జరిగే అటువంటి పోటీల విలువను గుర్తుచేస్తుంది.