ఎండిన ఏట్లో వెల్లువ

తుఫాను అంటే సముద్రపు ఒడ్డు వాళ్ళ బాధ అని మన రాయవేలూరు వైపు చాలామంది నమ్మకం. సముద్రం మనకు నూరు కిలోమీటర్ల పైనే దూరం. హెచ్చరిక వినగానే మదరాసులో ఉన్న బిడ్డలకు ఫోను చేస్తాం గాని, మన ఇంటి పెంకులు చూసుకోము. చరిత్ర తిరగేస్తే ఈ నమ్మకానికి ఆధారం దొరకదు. మనకు ముప్పు గాలి వల్ల కంటే నీళ్ళ వల్ల ఎక్కువ. ఆ నీళ్ళు కూడా మన ఊళ్ళో కురిసినవి కావు, ఎక్కడో ఎగువన కురిసినవి.

1903 నవంబరు సంగతి చూడండి. మైసూరు సీమలో నంది కొండల దగ్గర పుట్టే పాలారు మీద చెరువుల వరుస ఉంది. కుండపోత వానకు పైచెరువు కట్ట తెగితే ఆ నీరంతా కిందిచెరువు మీద పడుతుంది. అట్లా తెగుతూ తెగుతూ వచ్చిన వెల్లువ వాణియంబాడిని ముంచేసింది. చనిపోయినవారు రెండు వందల పైమాటే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనబడని ఏరది! ఇప్పటి పిల్లలకు పాలారు అంటే లారీలు ఇసుక తోలుకుపోయే చోటు.

గుడియాత్తంది ఇంకో రకం కథ. ఊరి నడుమ పారే కౌండిన్య నది పలమనేరు కొండల్లో పుట్టి కిందికి దిగి పాలారులో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పలమనేరూ గుడియాత్తమూ రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఏటి తలా తోకా ఒక్క కలెక్టరు కింద ఉండేవి. ఇప్పుడు తల ఆంధ్రలో, తోక తమిళనాడులో. పైన పడిన వాన కబురు ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రానికి రావాలి. మన భాషవాళ్ళు రెండు వైపులా ఉన్నారు గనుక చుట్టాల ఫోనే ముందు వస్తుందని గుడియాత్తంలో ఒక నేత పెద్దాయన నాతో అన్నాడు. నవ్వులాటకన్నా, అందులో నిజం ఉంది.

ఆ ఊళ్ళో నేను నాలుగేళ్ళు పనిచేశాను. వైశాఖ మాసంలో గంగమ్మ శిరస్సు తిరునాళ్ళకు ఏటి ఒడ్డున ఇసక వేస్తే రాలనంత జనం. అదే ఏటికి కార్తీకంలో వెల్లువ వస్తే, గుడిసెల వాళ్ళు గుడ్డామూటా నెత్తిన పెట్టుకుని పరుగెత్తాలి.

నేతవాళ్ళు వానకాలానికి సిద్ధపడే తీరు చూడవలసిందే. గుంట మగ్గానికి నీళ్ళ వాసన తగిలినా పని చెడుతుంది. అందుకని ఆశ్వయుజం నాటికే గుంట చుట్టూ మట్టి గట్టు పోస్తారు. నూలు కండెలు, పడుగు అటకెక్కుతాయి. గంజి పెట్టి వీధిలో ఆరబెట్టే పని ముసురులో సాగదు గనుక ముందే ముగిస్తారు. అగ్గిపెట్టెల పని చేసే ఇళ్ళలో ఇంకా కష్టం, చెమ్మ తగిలిందంటే పుల్ల అంటుకోదు. ఇంటి ఆడవాళ్ళు పొడి కట్టెలు, నాలుగు రోజుల బియ్యం ఎత్తుగా పెట్టి, పట్టా, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టె పైన ఉంచుతారు. లోపల పెట్టరు. ఎందుకమ్మా అంటే, పెట్టె మోయలేము, సంచి మోస్తాము అన్నది ఒక ఇల్లాలు.

మోర్ధానా ఆనకట్ట వచ్చాక ఈ జాగ్రత్త కాస్త సడలిందని నా అభిప్రాయం. సుమారు 26 కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు పట్టే చిన్న ఆనకట్ట అది. సాగుకు మంచిదే. కాని నిండిన తర్వాత వచ్చేదంతా కట్ట మీదుగా దొర్లి ఊరివైపు వస్తుంది. ఆపేదేమీ ఉండదు.

2021 నవంబరులో అదే జరిగింది. 19వ తేదీ తెల్లవారుజామున మదరాసుకూ పుదుచ్చేరికీ నడుమ తీరం దాటినది తుఫాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. 2004 నుంచి మన సముద్రంలో తుఫానులకు పేర్లు పెడుతున్నారు. దీనికి పేరు పెట్టేంత బలం కూడా లేకపోయింది. ఏడాది ముందు అదే నెలలో వచ్చిన నివర్ పేరు అందరికీ గుర్తుంది. ఈ పేరులేనిది మాత్రం ఒక్కరోజులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెంచింది. పేర్ణాంబట్టులో గోడ కూలి తొమ్మిదిమంది చనిపోయారు, వాళ్ళలో పసిపిల్లలున్నారు. ఆ వానల్లోనే వేలూరు కోట కందకం నీళ్ళు జలకంఠేశ్వరాలయంలోకి వచ్చాయి. కౌండిన్య గుడియాత్తంలో ఒడ్డు ఇళ్ళను కొట్టుకుపోయింది.

ఆ తర్వాత ఏటి పోరంబోకులో ఉన్న ఇళ్ళను అధికారులు తొలగించారు. నీటి దారిలో ఇల్లు కట్టకూడదన్న మాట న్యాయమే, కాదనను. అయితే ఆ ఇళ్ళకు పట్టా లేదు, పట్టా లేనందున ఇంటి అప్పు లేదు, అప్పు లేనందున గట్టి గోడ లేదు. పన్ను రసీదు, కరెంటు బిల్లు మాత్రం ఉన్నాయి. ముప్పై ఏళ్ళ రసీదులు వరుసగా చూపించినవాళ్ళను నేనెరుగుదును. వాటిని హామీగా తీసుకునే నిబంధన ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు.

ఊరి బయట కొత్త ఇల్లు దొరికినవాళ్ళు కొందరు చిరునామా మార్పు అర్జీలతో వచ్చారు. వృత్తి అన్న గడిలో నేత అని రాయాలా, కూలి అని రాయాలా అని ఒకాయన అడిగాడు. కొత్త ఇంట్లో సిమెంటు నేల వేశారట. గుంట తవ్వడానికి వీల్లేదు.